మరదలి మిక్సు

డ్రమ్ము తిరుగుతూనే ఉంది. వీపు వెనక, రేకుకి అటువైపు, కాంక్రీటు బరువుగా పొర్లుతూ చేస్తున్న గరగర ఆమె వెన్నులోంచి పళ్లలోకి వచ్చేస్తోంది. ఎర్రలైటు దగ్గర లారీ ఆగినా డ్రమ్ము ఆగదు, ఆగితే లోపలున్నది గడ్డకట్టుకుపోతుంది. నా బతుకూ ఇంతేనని ఇంకో రోజైతే నవ్వుకునేది. ఇవాళ నవ్వడానికి కూడా ఓపిక లేదు. రాత్రంతా కళ్లు మూతపడలేదు, పొద్దున్నే ప్లాంటుకి పరుగెత్తేసరికి కొత్త ఆపరేటరు లోడు నింపేసి చేతులు తుడుచుకుంటున్నాడు, బండి కదలబోతోంది. ఆపమని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎందుకు ఆపాలో చెప్పాలి కదా, నోరు మాత్రం "నేనూ వస్తాను" అంది. డ్రైవరు వింతగా చూశాడు. డీజిలు ఎంత తాగుతుందో చూడాలి అని అబద్ధమాడింది. "దాని తిండి దానిది, నా తిండి నాది మేడమ్, కంపెనీకి రెండూ ఎక్కువగానే కనిపిస్తాయి" అని ఆయన గేరు వేశాడు. ఇక్కణ్ణుంచి సైటుకి గంట దారి. గంటలో స్లాబు మీద పోసేస్తారు. ఆ లోపల తేల్చుకోవాలి, పోయనివ్వడమా, ఆపడమా. ఫోను చేతిలోనే ఉంది, చెమటకి జారుతోంది.

నిన్న సాయంత్రం బావ, అక్క మొగుడు, ఇన్నాళ్లూ ప్లాంటులో ఆ లోడ్లు నింపిన ఆపరేటరు, మంచం మీద పడుకుని ఉన్నాడు. కంట్లో పొర తీశారు, నల్లద్దాలు పెట్టుకుని పైకప్పు వైపు మొహం పెట్టి, అచ్చం దొర లాగా. అక్క చుక్కలమందు వేస్తూ కదలొద్దని కసురుతోంది, ఆయన కదులుతూనే ఉన్నాడు. కళ్లకి సెలవు పెట్టినా నోటికి పెట్టలేదు. రేపటి స్లాబుకి ప్లాంటులో ఎవరున్నారని అడిగాడు. కొత్తాయన అని తను చెప్పింది. "వాడికి చెప్పావా?" ఏం చెప్పాలి బావా? "అదే, నీ మిక్సుకి ఓ చెయ్యి ఎక్కువ వెయ్యమని." మిక్సంటే తను కాయితం మీద రాసిచ్చే పాళ్లు, అందులో చెయ్యి ఎక్కువేమిటి, వేళాకోళమనుకుంది. బావకీ మరదలికీ మధ్య ఒక్క మాటయినా సూటిగా నడిచింది ఎప్పుడు గనక. నవ్వింది కూడా. అప్పుడాయన గొంతు తగ్గించి, వినకూడనివాళ్లెవరో గుమ్మంలో ఉన్నట్టు, చెప్పాడు. యంత్రం తూకం వేసి ఆగాక చేత్తో మీట నొక్కి ఇంకాస్త సిమెంటు వదిలేవాడట. మొదటి లోడు నుంచీ. "నువ్వు తగ్గించినప్పుడల్లా నేను కలిపా. నేనుండగా నీ మాట పడిపోనిస్తానా ఏమిటే?" ఎంత మురిపెంగా అన్నాడో! పెళ్లిలో దాచిపెట్టిన కానుక బయటికి తీసినట్టు. అక్క పక్కనుంచి, చూశావా మీ బావకి నువ్వంటే ఎంత ప్రాణమో అన్నట్టు తల ఊపింది. తను ఏమంది? కన్ను నలపకు బావా అంది, టీ తాగింది, చెప్పులేసుకుని వచ్చేసింది.

పక్కనే బస్సు వచ్చి ఆగింది, కిటికీలోంచి ఎవరో ముసలాయన కాంక్రీటు డ్రమ్ము వంక చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు, చూడండి చూడండి, ఇందులో ఏముందో తెలిస్తే మీరు బస్సు దిగి పారిపోతారు. ఏముంది ఇందులో? కంకర, ఇసుక, నీళ్లు, కరెంటు తయారుచేసే చోట మిగిలిపోయే బూడిద, చాలా కొద్దిగా సిమెంటు. తను రాసినంతే సిమెంటు. మొట్టమొదటిసారి అచ్చంగా తను రాసినంతే, పైన చెయ్యి లేదు. రెండేళ్ల నుంచీ తన మిక్సు, తన మిక్సు అని అందరూ అంటున్నది ఇప్పటిదాకా బండెక్కనేలేదన్నమాట. ఇదే మొదటి లోడు.

సిమెంటు ఎందుకు తగ్గించాలో చెప్పీ చెప్పీ తల ప్రాణం తోకకి వచ్చింది ఈ రెండేళ్లలో. సున్నపురాయిని కాలిస్తే బొగ్గు పొగ ఒక్కటే కాదండీ, రాయి కూడా లోపల దాచుకున్నది వదిలేస్తుంది, సిమెంటు ఎంత బరువుంటే ఇంచుమించు అంత బరువు, భూమిని వేడెక్కించే పొగ పైకి పోతుంది, చూడ్డానికి కనబడదు అంతే. మీటింగులో తలలూపేవారు, బయటికి వచ్చి బొగ్గు మేడమ్ అనేవారు. ఆ పేరు సెంట్రింగు వాళ్ల దాకా పాకింది. పాకనీ. తనకి మాత్రం కళ్లకి జబ్బు పట్టుకుంది, దేన్ని చూసినా దాని వెనకున్న పొగే. కూతురి బడిలో మాట్లాడ్డానికి పిలిస్తే టీచరు మార్కుల గురించి చెబుతోంది, తను పైన దూలాల మందం చూస్తోంది, ఇంత లావెందుకు, సగం సరిపోయేది కదా. అమ్మా టీచర్ నిన్నే అడుగుతున్నారు అని పిల్ల గిల్లింది. డాక్టరు దగ్గర కూర్చున్నా ఇదే, చుట్టాలింట్లో కూర్చున్నా ఇదే. ఎవరింటికి వెళ్లినా గోడలు తట్టి చూస్తావేమిటే అని అక్క తిట్టేది. ఇంత లెక్క కట్టిన మనిషి, ప్రపంచంలో ప్రతి గోడనీ అనుమానించిన మనిషి, బావ చెయ్యిని మాత్రం అనుమానించలేదు.

అనుమానించాల్సిందే. అన్నీ కళ్లముందే ఉన్నాయి. ల్యాబులో మొదటి మిక్సు చేసినప్పుడు ఫలితం అంచు మీద వచ్చింది, ఒక మెట్టు దిగితే పడిపోయేట్టు. భయపడుతూ ప్లాంటుకి పంపింది. ప్లాంటులో పరీక్షకని పోసిన క్యూబులు, ఆ కాంక్రీటు దిమ్మలు, మిషను కింద పెడితే, అబ్బో, పగలవే! సూది పైకి పోతూనే ఉంది. ల్యాబులో కంటే ప్లాంటులో బాగా రావడమేమిటి, ఎక్కడైనా ఉందా, పెద్ద మిక్సరు కదా బాగా కలుస్తుందేమో అని తనకి తనే సర్దిచెప్పుకుంది. కావాలనుకున్నదాన్ని నమ్మడానికి మనిషికి ఎంత తేలికో. ఇంకా తగ్గించవచ్చు అనుకుంది. తగ్గించింది. మళ్లీ అదే బలం. ఇంకోసారి తగ్గించింది. ఆ చివరి తగ్గింపుని ల్యాబులో చూడనే లేదు, ప్లాంటులోనే అంత బాగా వస్తుంటే ల్యాబెందుకు అనిపించింది. పెద్దసారు, ఎవర్నీ మెచ్చుకోని మనిషి, తన టేబులు దగ్గరికి నడిచి వచ్చి భుజం తట్టాడు. ప్లాంటులో సిమెంటు మరీ ఎక్కువ నేలపాలవుతోందని స్టోరు ఆయన గొణిగితే, తనే వెళ్లి ఆపరేటర్లందర్నీ నిలబెట్టి చివాట్లు పెట్టింది, బావ కూడా అందరిలో నిలబడి, సరే మేడమ్, సరే మేడమ్ అంటూ తల దించుకున్నాడు. ఆ సాయంత్రం అక్కావాళ్లింట్లో అన్నం వడ్డిస్తూ మేడమ్ గారికి ఇంకాస్త పెట్టవే అని ఏడిపించాడు. నేలపాలైందంతా స్లాబుల్లోకే పోయింది. తను కాయితం మీద దింపిన బరువంతా ఆయన చేత్తో మళ్లీ ఎక్కించాడు. రెండేళ్ల తర్వాత గాల్లోకి పోయిన పొగ పూర్వం ఎంతో ఇప్పుడూ అంతే, మధ్యలో తన జీతమూ, తన జుట్టు నెరవడమూ అదనం.

కోపం రావాలి కదా. రాత్రంతా కోపం కోసం వెతుక్కుంది. రాలేదు, అలుపు వచ్చింది. బావ మీద కోపం ఎలా వస్తుంది? అక్క పెళ్లినాటికి తను లంగా కట్టుకునే పిల్ల, పెళ్లికొడుకు చెప్పులు దాచేసి ఇవ్వనని ఏడిపిస్తే చెప్పుల్లేకుండానే ఊరేగింపుకి బయల్దేరిన మనిషి. ఇంజనీరింగు చదువుతానంటే ఇంట్లో వాళ్లు మొహమొహాలు చూసుకుంటుంటే, చదవనివ్వండి, నేనున్నా అన్నాడు. ఏ పని చేసినా ఆయనది అదే తీరు, ఓ చెయ్యి ఎక్కువ. నలుగురు వస్తారంటే ఏడుగురికి వండిస్తాడు. గోడకి పటం తగిలించడానికి రెండు మేకులు కొడతాడు. తాడు కడితే ఇంకో ముడి, తాళం వేస్తే ఇంకోసారి లాగి చూడ్డం. ఎందుకో తనకి తెలుసు, వందసార్లు విన్నది. కుర్రతనంలో పార పట్టుకుని చేత్తో కాంక్రీటు కలిపే రోజుల్లో, ఆయన కళ్లముందే ఒక సన్‌షేడు ఊడిపడింది. మేస్త్రీ సిమెంటు మిగుల్చుకున్నాడు. కింద నీడకి నిలబడ్డ మనిషి మళ్లీ లేవలేదు. ఆ కథ చెప్పినప్పుడల్లా బావ చివర్లో అరచెయ్యి చూపించేవాడు, ఇంతే, ఇంకో ఇంత వేసుంటే. విన్న ప్రతిసారీ పాపం అనుకుంది తప్ప, ఆ చెయ్యి వచ్చి తన మిక్సులో పడుతుందని ఒక్కసారీ తోచలేదు.

"ఎండ మొహాన కొడుతోందా మేడమ్, అది కిందికి లాక్కోండి" అన్నాడు డ్రైవరు. లాక్కుంది. ఆ రేకు కిందికి దిగింది, మళ్లీ ఎగిరిపోయింది. దానికది అలవాటే, వదిలేయండి అన్నాడు.

వదిలేస్తే? నిజంగానే, ఏమీ అనకుండా వదిలేస్తే? పోస్తారు, చదును చేస్తారు, నీళ్లు కడతారు, గట్టిపడుతుంది. బూడిద ఉన్న కాంక్రీటు నెమ్మదిగానే బలం పుంజుకుంటుంది, దానికి టైమివ్వాలి అంతే. స్లాబు కింద ఆన్చిన పోట్లు రెండు నెలలు కదపొద్దని చెబితే చాలు. చెబితే వింటారా? పోట్లు తొందరగా తీసుకోవచ్చని ఒప్పుకున్నదే తను, బావ వేసిన సిమెంటుతో వచ్చిన అంకెలు చూసి. ఇప్పుడు అడ్డం తిరిగితే ఎందుకంటారు. కింద అంతస్తులో గోడలు కట్టేవాళ్లు పనిచేస్తూ ఉంటారు, వాళ్ల ఆడవాళ్లు పిల్లల్ని తెచ్చి ఆ నీడలోనే పడుకోబెడతారు. నీడ. బావ కథలో ఆ మనిషి నిలబడ్డదీ నీడకే. పోనీ ఈ స్లాబు నిలబడిందే అనుకో. రేపు పొద్దున పెద్దసారు ఈ మిక్సుని కంపెనీ సైట్లన్నిటికీ పంపుతున్నాడు, మిగతా ప్లాంట్లన్నీ ఇదే వేసుకోవాలి. అక్కడ ఏ ప్లాంటులోనూ బావ ఉండడు. అక్కడి ఆపరేటర్లు తను రాసినంతే వేస్తారు, ఇంటికి పోయి నిశ్చింతగా నిద్రపోతారు.

చెప్తే? చెప్తే బావ ఉద్యోగం ఊడుతుంది. రిటైర్మెంటు దగ్గరపడింది, సన్మానం చేస్తారు కాబోలు అని కొత్త చొక్కా కుట్టించుకుని అక్క చేత ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టుకున్నాడు. తూకం తప్పుగా వేసినవాడిగా బయటికి పంపుతారు, దండ వెయ్యరు. తను కూడా మిగలదు, మరదలి కోసం చేశాడంటే ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. అక్క మొహం ఎలా చూడాలి. ఆమె చెయ్యి ఇంకా సరిగ్గా పైకి లేవడం లేదు, బాత్రూములో జారిపడి విరగ్గొట్టుకున్న చెయ్యి. ఆ చేత్తోనే నిన్న మొగుడి కంట్లో చుక్కలు వేసింది. ఈ లారీ ఇలా పోతూనే ఉంటే బాగుండు. రోడ్డు అయిపోకుండా, సైటు రాకుండా, డ్రమ్ము తిరుగుతూ, ఎవరూ ఏమీ అడగకుండా.

సైటు వచ్చేసింది. గేటు దగ్గర ఎప్పటి బురదే, వాన వెలిసి వారమైనా ఆరని బురద, అందులో చక్రాలు దిగబడి లారీ మూలిగింది. పంపు మనుషులు గొట్టాలు బిగించి సిద్ధంగా ఉన్నారు. పైన స్లాబు ఇనుము మీద నలుగురు బోర్లా వంగి చూస్తున్నారు. సైటు ఇంజనీరు పరుగున వచ్చాడు, వేగిరం వేగిరం, ఆలస్యమైపోతోంది అని చేతులు ఊపుతూ. ఆమె దిగింది. కాళ్లు బురదలో పడ్డాయి. ఆ క్షణం దాకా తను ఏమంటుందో తనకే తెలియదు.

"పొయ్యొద్దు" అంది.

"అదేంటి మేడమ్?"

"నా లెక్క తప్పింది. ఈ లోడు పైకి ఎక్కడానికి వీల్లేదు."

ఆయన మొహం మాడిపోయింది. పంపు మనుషులు ఒకరినొకరు చూసుకుని బీడీలు తీశారు. లారీడు కాంక్రీటు, దాని పొగంతా, రాళ్లు కాల్చిన మంటంతా, ఎందుకూ పనికిరాకుండా. పారబొయ్యడానికి ఎక్కడికి తీసుకెళ్లమంటారని డ్రైవరు అడిగాడు, జాలిగా అడిగాడు, అదే భరించలేకపోయింది. ఆమె చుట్టూ చూసింది. ఈ బురదలోనే పోసెయ్యండి అంది. గట్టిపడితే బళ్లు దిగబడవు. డ్రమ్ము వెనక్కి తిరిగింది. తన మొదటి అసలు మిక్సు, తను రాసినది రాసినట్టు, గేటు దగ్గర గుంటల్లోకి జారుతుంటే కూలివాళ్లు పారలు తీసుకుని హుషారుగా చదును చేశారు. వాళ్లకి సంతోషమే, ఇన్నాళ్లకి బురద పోతోంది.

దూరంగా ఇనప ఊచల గుట్ట మీద కూర్చుని బావకి ఫోను చేసింది. అక్క ఎత్తి ఆయనకిచ్చింది.

"ఆపేశాను బావా."

అటునుంచి పెద్ద నిట్టూర్పు. "అమ్మయ్య! బతికించావు. రాత్రి నుంచీ నాకు నిద్ర లేదే."

ఆ అమ్మయ్య ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. తన కోసం ప్రాణమిచ్చే మనిషి, తన లెక్కని మాత్రం ఒక్క రోజూ నమ్మలేదు. ఏడుపు వచ్చింది. మింగింది. పెద్దసారుకి చెప్పక తప్పదు బావా, అంతా చెప్పాలి అంది. చెప్పెయ్, నా పేరే చెప్పు, నీకేం తెలీదని చెప్పు అన్నాడు. చొక్కా సంగతి ఎత్తలేదు.

"ఒక్క లోడయినా వెయ్యకుండా వదిలావా బావా? ఎప్పుడైనా?"

"లేదే." అని, ఆగి, "ఉండు. మీ అక్క జారిపడిన రోజు. ఫోను రాగానే మీట వదిలేసి పరుగెత్తాను కదా. అప్పుడు నా పక్కవాడు నింపి పంపాడు. వాడికీ సంగతి తెలీదుగా."

ఆమె లేచి నిలబడింది. ఆ రోజు తనూ ఆసుపత్రిలోనే ఉంది, క్యూబులు తియ్యమని చెప్పే దిక్కు లేక ఎవరూ తియ్యలేదు. అప్పటికే చివరి తగ్గింపు అయిపోయింది. సిమెంటు లెక్క ఇవాళ ఎంతో ఆనాడూ అంతే. ఆ రోజు పోసింది ఏమిటి? ఈ భవనానికే నేలమాళిగలో లిఫ్టు పక్క స్తంభం. పైన అన్ని అంతస్తులూ మోస్తున్న స్తంభం! ఫోను కట్ చెయ్యడం కూడా మరిచి, సైటు ఆఫీసులో స్ప్రింగు సుత్తి, కొడితే కాంక్రీటు బలం అంకెలో చూపేది, లాక్కుని మెట్లు దిగింది. కింద చీకటి, తడి వాసన. పైనుంచి గోడలవాళ్ల తాపీల చప్పుడు. పరుగెత్తి పైకి వెళ్లి అందర్నీ బయటికి రమ్మని అరవాలా, ముందు చూడాలా. స్తంభాన్ని తడిమింది, ఎక్కడా బీట లేదు. సుత్తిని దాని పొట్టకి ఆనించి నొక్కింది. టప్పుమంది. అంకె చూసి నమ్మలేదు. పక్కన కొట్టింది, కింద కొట్టింది, అటువైపు తిరిగి కొట్టింది. బావ వేసినవాటంత గొప్ప అంకె కాదు. డ్రాయింగులో అడిగినంత ఉంది, ఇంకాస్త పైనే ఉంది, ల్యాబు చూడని ఇన్ని నెలల్లో బూడిద బలం పుంజుకున్నట్టుంది. కోసి ముక్క తీసి మిషను కింద పెడితే గాని ఒప్పుకోకూడదు, ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ చేతికి తెలిసిపోయింది. నెలల తరబడి ఇంత బరువు నెత్తిన పెట్టుకుని ఈ స్తంభం మెదలకుండా నిలబడింది, ఒట్టి తన లెక్క మీద.

ఫోనులో బావ అరుస్తున్నాడు, ఏమైందే, మాట్లాడవేం, ఏమైంది.

"నిలబడింది బావా. నేను రాసినంతే వేశారు. నిలబడింది."

అక్క వెనక నుంచి ఏదో అడుగుతోంది, కళ్లద్దాలు తియ్యకండి అంటోంది.

"అంటే ఇన్నాళ్లూ నేను అనవసరంగా వేశానంటావా?" అన్నాడు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

కాదనాలనిపించింది. నోటి దాకా వచ్చింది. స్తంభానికి వీపు ఆనించి నేల మీద కూలబడింది.

"అవును బావా" అంది. "ఇవాళ నేనూ అనవసరంగానే పారబోశాను."